యోగ్యతాపత్రం: ఆఖరి మెట్టా, మొదటి మెట్టా?

రేవులో పనిచేసేవాళ్ళకి కాగితం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఒమాన్ దేశానికి దక్షిణపు కొసన, సలాలా ఊరికి పడమటి వైపున ఉన్న ఈ రైసూత్ రేవులో 1998 నుంచీ కంటైనర్లు దిగుతున్నాయి. ప్రతిదీ సీలు వేసిన ఇనప పెట్టె. లోపల ఏముందో క్రేను నడిపేవాడికి తెలియదు, లారీ తోలేవాడికి తెలియదు, కంప్యూటరు ముందు కూర్చున్న నాబోటివాడికి అసలే తెలియదు. అయినా పెట్టె కదులుతుంది. ఎక్కడో పదివేల కిలోమీటర్ల అవతల ఎవరో సంతకం పెట్టి "ఇందులో ఫలానా సరుకు ఉంది" అని రాసి ఇచ్చారు కాబట్టి.

ముఖం తెలియని మనుషుల మధ్య నమ్మకం కుదరాలంటే రాతపూర్వకమైన మాట కావాలని మన తెలుగువాళ్ళకి ఏనాడో తెలుసు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అదే కదా! తుఫానుకి ఓడ విరిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకుని ఇకమీద రాజు లాక్కోడని, సుంకం మాత్రమే తీసుకుంటామని దూరదేశపు వర్తకులకి రాతిమీద చెక్కించి ఇచ్చిన హామీ అది. ఆ శతాబ్దంలోనే ఈ ధోఫార్ తీరం నుంచి గుర్రాలూ సాంబ్రాణీ ఓడలెక్కి హిందూదేశం వైపు వెళ్ళేవి.

సరుకు సంగతి సరే. మనిషి కూడా మూసిన పెట్టెలాంటివాడే. ఒకమ్మాయికి కూచిపూడి వచ్చు అంటే ఏమిటి అర్థం? ఎవరు చెప్పాలి ఆ మాట? ఎవరికి చెప్పాలి? చెప్పాక ఆ అమ్మాయి ఏం చెయ్యాలి? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలుచుకున్నది ఈ నాలుగు ప్రశ్నల్నే. విదేశాల్లో ఉన్న మన ఇళ్ళలో గోడలనిండా పత్రాలు పెరుగుతున్నాయి. సంగీతానికొకటి, నాట్యానికొకటి, తెలుగు బడికొకటి, కరాటేకొకటి. అందుకని ఆ కరాటే పత్రం పుట్టిన జపాన్ నుంచే కథ మొదలుపెడతాను. యోగ్యతాపత్రాన్ని ఒక కళాఖండంగా తీర్చిదిద్దినవాళ్ళు జపాన్‌వాళ్ళు.

జపాన్ చుట్ట

మనం చూసే పట్టాల్లో పుచ్చుకున్నవాడి పేరు మధ్యలో, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. జపాన్‌లో పాతకాలపు యుద్ధకళల పత్రం ఇలా ఉండదు. చేత్తో చేసిన కాగితం మీద కుంచెతో రాసి, దస్త్రంలా చుట్టచుట్టి ఉంచుతారు. కుడివైపు నుంచి విప్పుకుంటూ పోతే ముందుగా విద్యలో ఉన్న మెళకువల పేర్లు వస్తాయి. తరవాత ఆ విద్యని మొదలుపెట్టిన మూలపురుషుడి పేరు, ఆయన శిష్యుడి పేరు, ఆ శిష్యుడి శిష్యుడి పేరు. ఇలా వరసగా వచ్చి, పత్రం ఇస్తున్న గురువు పేరూ, తేదీ, ఎర్రటి ముద్రా. చిట్టచివర, అందరి తరవాత, పుచ్చుకుంటున్న శిష్యుడి పేరు. అంటే ఆ పత్రం చూడగానే తెలిసేది "నేనెంతవాణ్ణి" అని కాదు, "నేనెవరి తరవాత వాణ్ణి" అని.

ఇలాంటి పత్రానికి మొకురొకు అని పేరు. మాటకి అర్థం జాబితా. మెళకువల పేర్లు మాత్రమే ఉంటాయి, వివరణ ఉండదు. గురువు దగ్గర నేర్చుకున్నవాడికి ఆ పేరు చూడగానే చెయ్యీ కాలూ గుర్తొస్తాయి. నేర్చుకోనివాడు ఆ చుట్టని దొంగిలించినా ఉపయోగం లేదు. మన తాళపత్రాల్లో వర్ణం పల్లవి మొదటి ముక్క రాసి వదిలేస్తే పాట వచ్చినవాడికి మాత్రమే పనికొచ్చినట్టు! దీనికి పైమెట్టు మెన్‌క్యో, అంటే అనుమతి. అన్నిటికన్నా పైది కైదెన్, అంటే ఉన్నదంతా ఇచ్చేశాను అని గురువు చెప్పే మాట.

తేనీటి కళలో సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. సెన్ నో రిక్యూ (1522–1591) వంశం నుంచి వచ్చిన మూడు సెన్ కుటుంబాలు ఈనాటికీ ఈ విద్యని నడుపుతున్నాయి. అందులో ఉరాసెంకే వారిచ్చే పత్రాన్ని క్యోజో అంటారు. ఇది నేర్చుకోవడం పూర్తయిందని చెప్పే పత్రం కాదు. ఈ మెట్టులో ఉన్నది నేర్చుకోవడం మొదలుపెట్టడానికి నీకు అనుమతి ఇస్తున్నాను అని చెప్పే పత్రం! మొట్టమొదటిదాని పేరే ద్వార ప్రవేశం. మనకి పట్టా చదువు చివర వస్తుంది. వాళ్ళకి ముందు వస్తుంది.

కరాటే, జూడోల్లో నల్లపట్టీ కూడా ఇలాంటిదే. జిగోరో కానో 1882లో కోదొకాన్ అనే జూడో శాల పెట్టి, మరుసటి ఏడు ఇద్దరు శిష్యులకి మొదటి దాన్ ఇచ్చాడు. ఈ దాన్ అనే మెట్ల పద్ధతి అంతకు ముందు గో అనే పలక ఆటలో ఉండేది. అక్కడినుంచి ఆయన తెచ్చుకున్నాడు. కరాటేలో ఫునాకోషి గిచిన్ 1924లో మొదలుపెట్టాడు. నల్లపట్టీ వచ్చిందంటే మా అబ్బాయి కరాటే పూర్తిచేశాడండీ అని మనవాళ్ళు మిఠాయిలు పంచుతారు. ఆ మెట్టు పేరు షోదాన్. అంటే మొదటి మెట్టు. దాని ముందున్నవన్నీ మెట్ల దాకా నడిచి రావడమే అన్నమాట.

కాగితం ఎందుకొచ్చింది?

అన్నీ గురుముఖంగా నేర్చుకునే చోట కాగితం అవసరం ఎందుకు పడింది? కారణం దూరం. ఎదో కాలంలో (1603–1868) జపాన్ దేశం సుమారు 260 సంస్థానాలుగా ఉండేది. ఒక సంస్థానం కుర్రవాడు పెద్ద ఊరికి పోయి, పేరున్న శాలలో కత్తిసాము నేర్చుకుని, తిరిగి తన ఊరికి వచ్చి అక్కడ గురువుగా కొలువులో చేరాలి. అక్కడి ప్రభువు వాడి గురువుని ఎరగడు. గురువు మాట చెవిన పడేంత దగ్గర్లో లేనప్పుడు, గురువు రాత కంటపడాలి. కాగితం, అక్కడ లేని గురువుకి ప్రతినిధి.

దూరంతోపాటు డబ్బూ వచ్చింది. వర్తకుల చేతిలో సొమ్ము చేరి, వాళ్ళ పిల్లలు తేనీటి కళా, పూలు అమర్చే కళా, నాట్యం నేర్చుకోవడం మొదలుపెట్టాక ఒక్కొక్క కళకి ఒక్కొక్క కుటుంబం పెద్దగా నిలబడింది. ఆ కుటుంబ పెద్దని ఇఎమోతొ అంటారు. పత్రం ఇచ్చే హక్కు ఆయనదే. ప్రతి మెట్టుకీ రుసుము ఉంటుంది. పైకి పోయినకొద్దీ పెరుగుతుంది. నాట్యంలోనూ, షమిసెన్ వాద్యంలోనూ ఒక స్థాయి దాటినవాళ్ళకి గురువు ఇంటిపేరే ఇస్తారు. అలా పేరు పుచ్చుకున్నవాళ్ళని నతోరి అంటారు. అంటే పత్రం పుచ్చుకోవడం ఒక రకంగా దత్తత పోవడం.

ఇదంతా అందంగా ఉంది కదా అని మురిసిపోవడానికి లేదు. విద్యకన్నా పత్రం పెద్దదైపోయిందని, డబ్బు పెట్టలేనివాడు కిందిమెట్టు మీదే ఉండిపోతాడని జపాన్‌వాళ్ళే చాలాకాలంగా విమర్శించుకుంటున్నారు. 15వ శతాబ్దిలో ఇక్క్యూ అనే జెన్ సన్యాసి తన జ్ఞానాన్ని ధ్రువీకరిస్తూ గురువు ఇచ్చిన పత్రాన్నే వద్దన్నాడని ప్రతీతి. కాగితం మీద గౌరవమూ, కాగితం మీద అనుమానమూ రెండూ అక్కడ కలిసే పెరిగాయి.

సంతకం పెట్టే హక్కు

ఇక నేను ఉంటున్న అరబ్బు లోకం సంగతి. ఇక్కడ యోగ్యతాపత్రాన్ని ఇజాజా అంటారు. అర్థం మళ్ళీ అనుమతి అనే! ఖురాన్ పఠనంలో ఇజాజా ఉన్నవాళ్ళు తమ గురువు పేరు, ఆయన గురువు పేరు అలా వెనక్కి చెప్పుకుంటూ ప్రవక్త దాకా వెళతారు. మా ఆఫీసులో ఒక ఒమానీ మిత్రుడు ఆ పేర్ల వరసని, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ప్రవర చెప్పినట్టు, ఊపిరి తిప్పుకోకుండా చెప్పగా విన్నాను.

అందమైన చేతిరాత కళలో ఇజాజా ఇంకా ముచ్చటగా ఉంటుంది. తురుష్క సామ్రాజ్యంలో స్థిరపడిన పద్ధతి ఇది: శిష్యుడు ఒక పాత ఉస్తాదు రాతని చూసి తన చేత్తో ఒక పుట రాస్తాడు. దాని కిందనే గురువు తన చేత్తో, ఇకమీద ఇతను తన రాత కింద సంతకం పెట్టుకోవచ్చు అని రాస్తాడు. అంతే. పరీక్షా పత్రమూ పట్టా రెండూ ఒకే కాగితం. ఎవరైనా పైన ఉన్న శిష్యుడి రాత చూసి, కింద ఉన్న గురువు మాట నిజమో కాదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. 17వ శతాబ్దిలో పేరుపొందిన హాఫిజ్ ఒస్మాన్‌కి 18 ఏళ్ళ వయసులో ఇజాజా వచ్చింది. అది వచ్చేదాకా శిష్యుడు ఎంత బాగా రాసినా కింద పేరు పెట్టుకోకూడదు. ఈ సంతకం హక్కు చిన్న విషయం కాదు. ఆ రోజునుంచి తప్పు రాస్తే ఆ తప్పు అతని పేరుమీదే ఉంటుంది. గురువు వెనక దాక్కోడానికి వీల్లేదు.

నమ్మకపు గొలుసు

నాబోటి కంప్యూటరు వాళ్ళకి ఈ పేర్ల వరస కొత్తగా అనిపించదు. మీరు బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు, ఇది నిజంగా ఆ బ్యాంకుదేనా అని మీ కంప్యూటరు తెర వెనక అడుగుతుంది. బ్యాంకు ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. దానిమీద ఇంకొక సంస్థ సంతకం ఉంటుంది. ఆ సంస్థ సర్టిఫికెట్ మీద దాని పైసంస్థ సంతకం. అలా పోయి పోయి ఒక మూలం దగ్గర ఆగుతుంది. ఆ మూలం మీద సంతకం ఎవరిది? దానిదే! తన సర్టిఫికెట్ మీద తనే సంతకం పెట్టుకుంటుంది. దాన్ని నమ్మాలని కంప్యూటరు తయారుచేసినవాళ్ళు ముందే నిర్ణయించి ఉంచుతారు. మేము దీన్ని నమ్మకపు గొలుసు అంటాం.

కర్ణాటక సంగీతంలో మన తెలుగువాళ్ళు ఇలాంటి గొలుసుని కాగితం లేకుండానే నడిపారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన గురువు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య. ఆయన గురువు త్యాగయ్య (1767–1847). కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఒక తెలుగు ఇంట మొదలైన పాట, కృష్ణ ఒడ్డుకి చేరడానికి పట్టినవి ఈ అయిదు పేర్లే. బాలమురళి బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. ఆయన విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకి మొట్టమొదటి ప్రిన్సిపాలు అయ్యారు. ఆయనకి పట్టా ఏదీ అని ఎవరూ అడగలేదు. ఈ అయిదు పేర్లే పట్టా.

మన పద్ధతి: సభా, ఇంటిపేరూ

పాతకాలంలో మనవాళ్ళు యోగ్యతని కాగితం మీద కన్నా సభలో, వంటిమీద చూపించుకున్నారు. కృష్ణదేవరాయలు పెద్దనకి గండపెండేరం తొడిగాడన్న కథ తెలియని తెలుగువాడుండడు. శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టుని ఓడించి, కంచుఢక్క పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకుని కవిసార్వభౌముడయ్యాడన్నదీ అలాంటి కథే. ఇక్కడ కాగితం అక్కర్లేదు, ఎందుకంటే సాక్షులందరూ సభలోనే ఉన్నారు. అవధానానికి ఈనాటికీ అదే పద్ధతి. పృచ్ఛకుల ఎదట నిలబడి పూరించాలి. ఇంట్లో ఫ్రేము కట్టిన పత్రం సమస్యాపూరణ చెయ్యదు.

కూచిపూడిలో యోగ్యత ఇంటిపేరు. గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆ ఊళ్ళో భాగవతుల ఆట చూసి మెచ్చుకుని, ఊరిని ఆ కుటుంబాలకి ఇచ్చాడని పరంపరగా చెప్పుకుంటారు. తరవాత 1763లో జరిగిన ఆస్తి పంపకాల పత్రంలో భాగస్థులైన కుటుంబాల ఇంటిపేర్లు వచ్చాయి. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల, చింతా వంటి ఇంటిపేర్లు ఈనాటికీ ఆ నాట్యంతోనే గుర్తుకొస్తాయి. భూమి హక్కూ, ఆడే హక్కూ కలిసిపోయాయి. ఆ ఇళ్ళలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని ఐతిహ్యం. చూశారా, జపాన్‌లో విద్య నేర్చుకుంటే ఇంటిపేరు ఇస్తారు. కూచిపూడిలో ఇంటిపేరు ఉంటే విద్య ఇస్తారు. పద్ధతి ఒకటే, దిశ వేరు. ఈ తేడా మాత్రం చిన్నది కాదు. నతోరి కావడానికి బయటివాళ్ళకి దారి ఉంది. కూచిపూడిలో 20వ శతాబ్ది వచ్చేదాకా బయటివాళ్ళకీ, ఆ ఇళ్ళ ఆడపిల్లలకీ కూడా రంగం మీదికి దారి లేదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి గురువులు స్త్రీలకి నేర్పడం మొదలుపెట్టాకా, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాకా ఆ తలుపు బాగా తెరుచుకుంది.

1919, విజయనగరం

తెలుగునేల మీద సంగీతానికి పట్టా ఇచ్చే పద్ధతి బలపడిన చోటు విజయనగరం. పూసపాటి విజయరామ గజపతి మహారాజు 1919 ఫిబ్రవరిలో అక్కడ సంగీత కళాశాల పెట్టారు. తన కొలువులోని చాగంటి జోగారావు గారి అబ్బాయి గంగరాజుకి చూపు లేదనీ, ఆ పిల్లవాడు సంగీతం నేర్చుకోవడానికి వీలుగా ఈ కళాశాల పుట్టిందనీ చెబుతారు.

మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). హరికథా పితామహుడు. ఆయనకి సంగీతంలో పట్టా లేదు. ఇచ్చేవాళ్ళెవరు? నేను ఇందాక చెప్పిన నమ్మకపు గొలుసులో మూలం లాంటివారాయన. తన సంతకం తనే. ఆ సంతకాన్ని సభలు నమ్మాయి.

రెండో కథ ద్వారం వేంకటస్వామి నాయుడిది (1893–1964). చూపు తక్కువని బడి చదువు సాగలేదు. రైల్వేలో పనిచేసే అన్నగారి దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు. ఈ కళాశాలలో విద్యార్థిగా చేరదామని పాతికేళ్ళ వయసులో విజయనగరం వచ్చారట. ఆయన వాయించింది విని, విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా ఉండమన్నారు! 1936లో దాసుగారి తరవాత ఆయనే ప్రిన్సిపాలయ్యారు. అంటే తెలుగుదేశంలో సంగీతం పట్టాలు ఇచ్చిన మొదటి ఇద్దరు ప్రిన్సిపాళ్ళకీ పట్టాలు లేవు.

అలాగని పట్టా దండగ అనడానికి లేదు. అది ఎవరికి ఉపయోగపడిందో చూడాలి. ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) చేతిలో చిల్లిగవ్వ లేకుండా విజయనగరం వచ్చి, మధుకరం ఎత్తుకుని పొట్టపోసుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకుని, ఆ కళాశాల నుంచి సంగీత విద్వాన్ పట్టా తీసుకున్నారు. పి. సుశీల అక్కడే చదివి డిప్లొమా తీసుకున్నారు. ఒకరు తండ్రి పోయి, డబ్బులేక వచ్చిన కుర్రవాడు. ఇంకొకరు ఆడపిల్ల. పాతకాలపు కొలువుల్లో వీళ్ళిద్దరికీ పిలిచి పీట వేసేవాళ్ళు ఎంతమంది ఉండేవారు? ఇంటిపేరు లేనివాడికి కాగితం ఇంటిపేరు అయింది. ఆ తరవాత ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ళ సర్టిఫికెట్, రెండేళ్ళ డిప్లొమా అని ఒక క్రమం ఏర్పడి, బడిలో సంగీతం పంతులు ఉద్యోగం కావాలంటే అది చూపించవలసిన కాగితం అయింది.

అదే సమయంలో ఇంకొక పరీక్షా వచ్చింది. 1952లో ఆకాశవాణి కళాకారులకి ఆడిషన్లు పెట్టింది. పాడేవాళ్ళు తెర అవతల, తీర్పు చెప్పేవాళ్ళు తెర ఇవతల. ఎవరి శిష్యుడో, ఏ పట్టా ఉందో తెలియకుండా గొంతు మాత్రమే వినాలని ఉద్దేశం. పేరున్న విద్వాంసులు చాలామందికి ఇది అవమానంగా తోచింది, గొడవలయ్యాయి. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. తెర వేస్తే ఇంటిపేరు కనబడదు, నిజమే. గురువు కూడా కనబడడు.

కాగితం లేనివాళ్ళు

ఈ కథలో ఒక చీకటి గది ఉంది. దాన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు. కృష్ణా గోదావరి జిల్లాల్లో తరతరాలుగా గుళ్ళలోనూ కొలువుల్లోనూ నాట్యం చేసిన కలావంతులు ఉండేవారు. క్షేత్రయ్య పదాలకి అభినయం పట్టిన చేతులవి. అలనాటి సభల్లో వాళ్ళ యోగ్యతకి ఎవరి పత్రమూ అవసరం లేకపోయింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని దేవుడి పేరుమీద అంకితం చేసే ఆచారాన్ని ఆపడం దాని ఉద్దేశం. ఆ ఆచారంలో జరిగిన అన్యాయాలు తెలిసినవాళ్ళెవరూ దాన్ని తప్పు పట్టరు. కానీ ఆచారంతోపాటు ఆ స్త్రీల వృత్తీ పోయింది, గౌరవమూ పోయింది. చాలామంది గజ్జెలు విప్పి అటక మీద పెట్టేశారు.

సరిగ్గా ఆ దశకాల్లోనే, నాట్యానికి శాలలూ పాఠ్యప్రణాళికలూ పట్టాలూ ఏర్పడ్డాయి. మధ్యతరగతి ఇళ్ళ ఆడపిల్లలు గర్వంగా ఆ పట్టాలు పుచ్చుకున్నారు. విద్య ఉన్నవాళ్ళకి కాగితం లేకపోయింది. నటరాజ రామకృష్ణ (1923–2011) ఊరూరా తిరిగి, ఆ వృద్ధ కళావతుల్ని వెతికి పట్టుకుని, వాళ్ళ విద్యని ఆంధ్రనాట్యం అనే పేరుతో మళ్ళీ సభకెక్కించారు. సరిదె మాణిక్యమ్మ దగ్గర స్వప్నసుందరి నేర్చుకున్నారు. పట్టాలు ఉన్నవాళ్ళు పట్టా లేనివాళ్ళ ముందు కూర్చుని నేర్చుకున్న సందర్భం అది. మన నాట్య చరిత్రలో అంతకన్నా గొప్ప పట్టాప్రదానం నాకు తెలియదు, అది ఏ దిశలో జరిగిందనుకున్నా సరే.

కాగితం ఒకరికి తలుపు తెరిచిన రోజునే ఇంకొకరికి మూయగలదు. ఘంటసాలకి అది తలుపు. మాణిక్యమ్మ తరానికి అది గోడ.

మన ఇళ్ళలో

ఇప్పుడు సముద్రాలు దాటి వచ్చిన మన సంగతికి వద్దాం. మనది అచ్చం ఆ ఎదో కాలపు సంస్థానాల పరిస్థితి. గురువు ఒక ఊళ్ళో, శిష్యురాలు ఇంకొక దేశంలో, చూసే సభ మూడో చోట. పాఠాలు కంప్యూటరు తెరమీద కూడా జరుగుతున్నాయి. ఎవరి దగ్గర నేర్చుకుందో పక్కింటివాళ్ళకి తెలియదు. కనక మనకి కాగితం కావాలి. సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలై తెలుగు విశ్వవిద్యాలయంతో కలిసి పిల్లలకి పత్రాలు ఇచ్చిందన్నా, 2016లో కాలిఫోర్నియాలో వాళ్ళే ఒక విశ్వవిద్యాలయం పెట్టి కూచిపూడికీ కర్ణాటక సంగీతానికీ పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టారన్నా కారణం ఈ దూరమే.

ఒక్క మాట. పత్రం మీద ఉన్న సంస్థ పేరు కూడా శాశ్వతం కాదు. 1985లో పుట్టి పొట్టి శ్రీరాములు పేరుతో ఎన్నో ఏళ్ళు పట్టాలిచ్చిన తెలుగు విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. ఇద్దరూ మనకి పూజ్యులే. కానీ పాత పత్రం పట్టుకున్న పిల్ల రేపు ఈ పేరేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? నన్ను నేర్పింది ఫలానా టీచరు గారు అని చెప్పగలిగితే చాలు. గురువు పేరు మారదు.

చాలామంది ఇళ్ళలో చూస్తున్నాను. ఎనిమిదేళ్ళో పదేళ్ళో నేర్చుకున్న పిల్ల, కాలేజీకి వెళ్ళే ముందు ఏడాది, హాలు అద్దెకి తీసుకుని, వాద్యబృందాన్ని పిలిపించి, పట్టుచీరలూ పూలదండలూ భోజనాలూ పెట్టి, ఘనంగా రంగప్రవేశం చేస్తుంది. పత్రం ఇస్తారు, ఫొటోలు తీస్తారు. మర్నాడు గజ్జెలు పెట్టెలోకి వెళతాయి. అమ్మా నాన్నా తప్పు చేశారని నేననను. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ, శని ఆదివారాలు గంటలకొద్దీ కారు నడిపి, పిల్లని అక్కడిదాకా తెచ్చారు. ఆ శ్రమ ముందు నమస్కారమే. కానీ ఆ పేరు వినండి: రంగప్రవేశం. అది ప్రవేశం. దాన్ని నిష్క్రమణ చేసుకున్నది మనం.

నిజానికి మన దగ్గరా అనుమతి పద్ధతే ఉంది. అక్షరాభ్యాసం నాడు పలకమీద చెయ్యి పట్టి దిద్దించడం చదువొచ్చిందని చెప్పడానికి కాదు. గజ్జెపూజ నాడు గురువు గజ్జెలు చేతికివ్వడం నాట్యం పూర్తయిందని కాదు, ఇకమీద కట్టుకో అని. ఉరాసెంకే వారి క్యోజోకీ, ఇక్కడి ఇజాజాకీ, మన గజ్జెపూజకీ అర్థం ఒకటే. అనుమతి. అచ్చు యంత్రం వచ్చాక, కాలేజీ చదువుల పట్టాని చూసి, మన కళల పట్టాని కూడా దాని పక్కన దాని బట్టలే తొడిగి నిలబెట్టాం. ఇంజనీరింగు పట్టా నాకూ ఉంది. అది పుచ్చుకున్నాక మళ్ళీ ఆ కాలేజీ మెట్లెక్కక్కర్లేదు. సంగీతానికీ నాట్యానికీ అది వర్తించదు.

అందుకని మీ ఊళ్ళో తెలుగు సంఘం వచ్చే ఏడు పత్రాలు అచ్చు వేయించేటప్పుడు మూడు చిన్న మార్పులు ఆలోచించమని నా మనవి. పిల్ల పేరుకన్నా ముందు ఆమె గురువు పేరూ, ఆ గురువు గురువు పేరూ, తెలిసినంతవరకూ పైకి రాయండి. పట్టా లేని గురువైతే ఇంకా పెద్ద అక్షరాలతో రాయండి. రెండోది, జపాన్ చుట్టలోలాగా, ఆమె నేర్చుకున్న అంశాల పేర్లు రాయండి: జతిస్వరం, శబ్దం, తరంగం, భామాకలాపంలో ఏ ఘట్టం అని. అప్పుడు ఎవరైనా ఏదమ్మా, ఇది చెయ్యి అని అడగడానికి వీలుంటుంది. అడిగేవాళ్ళుంటే చేసేవాళ్ళుంటారు. మూడోది, చివర ఒక్క వాక్యం గురువుగారి చేతిరాతలో ఉండాలి. ఇకమీద ఈమె ఏం నేర్చుకోవచ్చో, ఎవరికి ఏం నేర్పవచ్చో. "నీ చెల్లెలికి అడవులు నేర్పు" అని ఉన్నా సరే. కంప్యూటరులో అచ్చయిన నాలుగు పొగడ్తలకన్నా ఆ ఒక్క వాక్యం బరువుగా ఉంటుంది. ఎందుకంటే అది చెయ్యవలసిన పని చెబుతోంది.

ఫ్రేము కట్టించకండని నేను చెప్పను. కట్టించండి. కాకపోతే దాని కింద గోడకి ఒక మేకు కొట్టి, గజ్జెలు దానికి తగిలించండి. పెట్టెలో కాదు.